ఈ పొగ ఎవరిది?

గాలి మసకబారిన రోజున సరిహద్దు జిల్లాల్లో ఒక మాట వినబడుతుంది: “ఇదంతా అవతలి వైపు నుంచే వచ్చింది” అని. అవతలి ఊళ్లోనూ అదే మాట. మరి ఈ పొగ ఎవరిది? ఊహతో తేల్చలేం. ఓపికగా తేల్చే ప్రయత్నం చేసేవారు విశ్వవిద్యాలయాల్లోని పరిశోధక విద్యార్థులు.

గాలిలో తేలియాడే సన్నని ఘన, ద్రవ కణాలను ఏరోసాల్స్ అంటారు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 2.5 మైక్రాన్లకు లోపున్న కణాలు ఊపిరితిత్తుల లోతుల దాకా పోతాయి.

విద్యార్థులు మేడ మీద ఒక పంపు అమర్చి, క్వార్ట్జ్ వడపోత కాగితం గుండా సాధారణంగా 24 గంటలపాటు గాలిని లాగిస్తారు. కాగితాన్ని ముందూ తరువాతా తూస్తారు. పట్టకారుతోనే పట్టుకోవాలి. చేతి చెమటలోని ఉప్పు అంటితే లెక్క తప్పుతుంది. గాలి లాగించని మరో కాగితాన్నీ అదే విధంగా పరీక్షించి, ఆ లెక్కను తీసివేస్తారు.

తరువాత కాగితాన్ని శుద్ధజలంలో నానబెట్టి, అయాన్ క్రోమటోగ్రాఫ్ అనే యంత్రంలో పరీక్షిస్తారు. సోడియం, క్లోరైడు ఉంటే సముద్రపు ఉప్పును అనుమానించాలి. కాల్షియం ఉంటే నేల దుమ్మును, పొటాషియం ఉంటే కట్టెల పొగను, పంటచెత్త పొగను అనుమానించాలి. అయితే ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పరు. సిమెంటులోనూ కాల్షియం ఉంటుంది కదా! అందుకే గాలి వచ్చిన దిక్కునూ, రుతువునూ కలిపి చూస్తారు.

ఇక్కడ ఒక విశేషం ఉంది. అన్ని కణాలూ పొగగొట్టం నుంచే రావు. కొన్ని గాలిలోనే పుడతాయి. బొగ్గు మండితే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వెలువడుతుంది. అది గాలిలో సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది. పశువుల పేడ నుంచి, యూరియా చల్లిన పొలాల నుంచి వచ్చే అమ్మోనియాతో కలిసి అమ్మోనియం సల్ఫేట్ కణమవుతుంది. బొగ్గు ఒకరిది, అమ్మోనియా మరొకరిది, కణం ఇద్దరిదీ! రోడ్డు మీద నీళ్లు చల్లితే ఇది తగ్గదు. కారణం తెలిస్తేనే మందు తెలుస్తుంది.

ఇటువంటి కణాలు వాన కడిగేవరకు కొన్ని రోజులు గాలిలోనే ప్రయాణిస్తాయి. 1999లో జరిగిన హిందూ మహాసముద్ర ప్రయోగం, మన ఉపఖండపు పొగ ఈశాన్య గాలులతో నడిసముద్రం దాకా పోతున్నదని చూపింది. సముద్రమే ఆపలేని పొగను జిల్లా సరిహద్దు రాయి ఆపుతుందా?

కర్ణాటక సరిహద్దునే ఉన్న అనంతపురంలో, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఇస్రో సహకారంతో ఏరోసాల్ పరిశీలనలు సాగాయి. అక్కడ కొలిచిన గాలి బళ్లారి వారిది కూడా.

మీ అమ్మాయో అబ్బాయో ఏళ్ల తరబడి దుమ్ము తూస్తానంటే, “ఏం లాభం?” అనకండి. “ఏం తేలింది?” అని అడగండి. రెండు ఊళ్ల తగువుకు సరైన సాక్ష్యం ఆ చిన్న కాగితం మీదే దొరకవచ్చు.