గడి వచ్చింది, మనవాళ్లు రావాలి
(మెట్‌పల్లిలో ఈ ఏడాది పట్టభద్రులైన ముస్లిం విద్యార్థుల అభినందన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉన్నత విద్యను గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. ఉపదేశానికి ముందు నా పొరపాటు ఒకటి మీ ముందు ఉంచుతాను.

సుమారు ఇరవై ఏళ్ల కిందట నేను గుమాస్తాగా పనిచేస్తున్న కార్యాలయానికి ఒక తల్లి ఆరేళ్ల కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు, ఆమె బీడీలు చుట్టి ఇల్లు నడుపుతోంది. బాబుకు మాటలు లేవు. పిలిస్తే తిరిగి చూడడు. డబ్బా మూతను నేల మీద గిరగిర తిప్పుతూ గంటలకొద్దీ కూర్చుంటాడు. ఆమె చేతిలో పట్నం డాక్టరు రాసిచ్చిన చీటీ ఉంది. అందులో ఒకే మాట: ఆటిజం. నేను దరఖాస్తు తిరగేసి చూశాను. 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడే. ఆ ఏడింటిలో ఆ మాట లేదు. “దీనికి గడి లేదమ్మా” అన్నాను. ఆమె చీటీ మడిచి కొంగున కట్టుకొని వెళ్లిపోయింది. నిబంధన ప్రకారం నేను తప్పు చేయలేదు. అయితే ఆ మాటకు అర్థమేమిటో ఆనాడు నేను ఎవరినీ అడగలేదు. ఆ తప్పు మాత్రం నాదే.

తరువాత అడిగి, చదివి తెలుసుకున్నది చెబుతాను. అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 1943లో పదకొండు మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వర్ణించారు. ఆ పిమ్మట కొన్ని దశాబ్దాలపాటు పండితులే తల్లులను నిందించారు. తల్లి ప్రేమ కరవై బిడ్డ ఇలా అయ్యాడన్నారు. ఆ నిందను కూలదోసినవారిలో ముందు నిలిచిన వ్యక్తి బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆటిజం ఉన్న బాబుకు తండ్రి కూడా. 1964లో ఆయన ప్రచురించిన గ్రంథం ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన విషయమని వాదించింది. ఇంగ్లండులో లోర్నా వింగ్ వైద్యురాలు. ఆమె కుమార్తెకు ఆటిజం. ఆమె పరిశోధన ఈ శాస్త్రం దిశనే మార్చింది. ఇంట్లో ఆ బిడ్డను చూసినవారే శాస్త్రాన్ని ముందుకు నడిపారన్నది గమనించండి.

మన ఊళ్లో ఆ పాత నింద ఇంకా బతికే ఉంది. తండ్రి దూరదేశంలో ఉన్నాడు గనుక మాటలు రాలేదంటారు. తల్లి పట్టించుకోలేదంటారు. నజర్ తగిలిందని తావీజు కడతారు. టీకా వల్ల వచ్చిందంటారు. ఆ టీకా వాదానికి మూలమైన 1998 నాటి వ్యాసాన్ని ప్రచురించిన పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. దువా మానమని నేను అనను. దువా చేస్తూనే బిడ్డను పరీక్షకు తీసుకువెళ్లండి. రెండు మూడేళ్ల వయసులోనే గుర్తించి శిక్షణ మొదలుపెడితే ఎంతో మేలు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. వాటిలో ఆటిజం ఉంది. గడి వచ్చింది. కాని ఆ గడి నింపడానికి బిడ్డను పరీక్షించేవారు, తల్లితో ఆమె భాషలో మాట్లాడేవారు కావాలి. మన బిడ్డ ఇంట్లో దక్కనీ ఉర్దూ వింటాడు, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఏ భాషలో పిలిస్తే పలుకుతాడో తెలియని పరీక్షకుడు ఏమి అంచనా వేయగలడు? ఇంట్లో ఉర్దూ మానేయమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదని, ఆ పిల్లలకు అది హాని చేయదని పరిశోధనలు చెబుతున్నాయి. తల్లి భాషను ఇంటినుంచి వెళ్లగొట్టితే ఆ బిడ్డతో ఆమె ఏ భాషలో మాట్లాడాలి?

అందుకే ఈ రంగంలోకి మన బిడ్డలు పరిశోధకులుగా రావాలని కోరుతున్నాను. దారి దూరమేమీ కాదు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ప్రత్యేక విద్యలో, పునరావాస మనస్తత్వ శాస్త్రంలో ఉన్నత కోర్సులు నడుపుతోంది. మన దేశంలో ఆటిజం అంచనాకు వాడుతున్న నలభై అంశాల కొలమానం తయారైనది అక్కడే. వాక్కు, శ్రవణ రంగంలోని జాతీయ సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరిట ఉంది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లోనే ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మెదడు, జ్ఞానశాస్త్రాల కేంద్రం ఉంది. తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. పునరావాస కోర్సులో చేర్చే ముందు దానికి భారత పునరావాస మండలి ఆమోదం ఉన్నదో లేదో చూడండి. 1992 నాటి చట్టం ప్రకారం మండలిలో నమోదు కానివారు ఈ వృత్తి చేయరాదు.

ఇక హక్కుల మాట. మైనారిటీ పరిశోధక విద్యార్థుల కోసం 2009లో ప్రారంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. గల్ఫ్ కూలీ కూతురు, బీడీ కార్మికురాలి కొడుకు అయిదేళ్లు పరిశోధన చేయాలంటే నెలనెలా ఆధారం ఉండాలి. దాని పునరుద్ధరణను మనం అడుగుతూనే ఉండాలి. విదేశాల్లో పీజీకి రాష్ట్ర ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల వరకు సాయం ప్రకటించింది. ఆ అవకాశాన్ని ఇంజినీరింగుకే వదిలిపెట్టకండి. దరఖాస్తు నింపడం రాకపోతే నా దగ్గరికి రండి. ముప్పై ఏళ్లకు పైగా చేసిన పని అదే.

ఆ తల్లి పేరు నాకు గుర్తు లేదు. ఆ బాబు ఈపాటికి యువకుడై ఉంటాడు. అలాంటి మరో తల్లి రేపు చీటీ పట్టుకొని వస్తే, బల్లకు ఇవతల మీలో ఒకరు కూర్చొని ఉండాలి. ఆమెను కూర్చోబెట్టి, ఆమె భాషలోనే “చెప్పమ్మా, బాబు ఏమేం చేస్తాడు?” అని అడగాలి. నేను అడగని ప్రశ్న అది.

ఖుదా హాఫిజ్.