ముప్పావలా సొమ్ము, బారెడు కాగితం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మెల్‌బోర్న్ కబుర్లు చెప్పమన్నారు. ఇళ్లు, కార్ల సంగతి వాట్సాప్‌లో మీకు ఎలాగూ చేరుతోంది కాబట్టి, అక్కడ మన సంఘాలు ప్రభుత్వ గ్రాంటు ఎలా అడుగుతాయో చెబుతాను. మీలో చాలామంది ఆర్నెల్లు పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్నవారే. ఇది మీకోసం జరిగే పనే.

ఆస్ట్రేలియాలో తెల్లవారికే చోటన్న విధానం 1973లో పూర్తిగా పోయింది. 1978లో గాల్‌బల్లీ నివేదిక వచ్చాక వలసవారి సంఘాల సేవలకు ప్రభుత్వ సొమ్ము ఇవ్వడం బలపడింది. ఇప్పుడు కేంద్రం, రాష్ట్రాలు, స్థానిక కౌన్సిళ్లు మూడూ ఇస్తాయి. ఇచ్చేది కొంచెం, అడిగే కాగితాలు బోలెడు.

మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా ఉగాదికీ, దీపావళికీ. "మన సంస్కృతిని కాపాడటానికి" అని రాస్తారు. మంచి మాటే, కానీ చదివే అధికారికి కావలసింది అది కాదు. మీవల్ల ఎవరి బతుకులో ఏం మారుతుంది, మీవాళ్లు కాక ఇంకెవరు కలుస్తారు, ఇవీ ఆయన ప్రశ్నలు. ఒకే ఊళ్లో మూడు తెలుగు సంఘాలు మూడు ఉగాదులకు అడిగితే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

అదే ఇలా రాయండి. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతే పగలంతా నాలుగు గోడల మధ్య ఉండే పెద్దవాళ్లు పాతికమంది. పది బుధవారాలు, కౌన్సిల్ హాలు. మైకీ కార్డుతో బస్సెక్కడం నేర్పుతాం. ఆపద వస్తే 000కి ఫోన్ చేసి "తెలుగు" అని చెప్పడం, 131 450 నంబరుకు చేసి దుబాసీని అడగడం నేర్పుతాం. పక్క వీధి గ్రీకు, వియత్నాం పెద్దలను టీకి పిలుస్తాం. ఇది లెక్కకు అందుతుంది. వంటింట్లో ఎవరికైనా గుండె నొప్పి వచ్చిన రోజున ఆ ఫోన్ చేయగలగడం ఎంత విలువైనదో నేను చెప్పక్కర్లేదు.

సంఘం రిజిస్టరై ఉండాలి. లేకపోతే రిజిస్టరైన మరో సంస్థ పూచీ తీసుకుని డబ్బు తన ఖాతాలో నడపాలి. హాలు అద్దె, బీమా, తిండి ఖర్చులకు కొటేషన్లు పెట్టాలి. స్వచ్ఛందంగా చేసే చాకిరీని కూడా గంటల్లెక్కన మన వాటాగా చూపించవచ్చు. మనవాళ్లు మొహమాటంతో ఇది వదిలేస్తారు, వదలకండి. హాజరు పట్టీ, రసీదులు మొదటి రోజు నుంచే దాచాలి. చివర లెక్క అప్పజెప్పనివాళ్లకు మరుసటేడు గుమ్మం తెరుచుకోదు.

కాగితాల మాట వచ్చింది కాబట్టి మన బడి సంగతీ ఒకటి. భారత పాస్‌పోర్టు ఉన్న మనవాళ్లు విదేశాల నుంచి సొంత సంపాదన పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారినవాళ్లు పంపితే, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ కింద అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకులో ఖాతా ఉండాలి. కొత్త తరగతి గదుల కోసం ప్రకటించిన విరాళాల్లో రెండు రకాలూ ఉన్నాయి. భోజనాలయ్యాక కోశాధికారి గారి దగ్గర కూర్చుని ఆ జాబితా విడదీద్దాం. దాతలు ఎవరి పాస్‌పోర్టు సంగతి వారు చెప్పి వెళ్లండి.