నేను చివరి పేజీ దాకా చదివిన పుస్తకం

(అంబేద్కర్ జయంతి సందర్భంగా జరిగిన పుస్తక సభలో ఒక వంట మాస్టర్ చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పుస్తకం గురించి మాట్లాడమన్నారని చెబితే ఇంట్లో అందరూ నవ్వారు. మా ఇంట్లో సగంలో వదిలేసిన పుస్తకాలకే ఒక అర ఉంది. బాబాసాహెబ్ సంపుటాలు కూడా అందులోనే ఉన్నాయి. ముప్పయ్యో పేజీ దగ్గర బస్సు టికెట్ పెట్టి ఉంటుంది, అంతే. ఈ మాట ఇక్కడ చెప్పడానికి సిగ్గుగానే ఉంది. పుస్తకాల కోసమే రాజగృహ కట్టుకున్న మనిషి బిడ్డలం కదా మనం!

నేను ఇరవై రెండేళ్లుగా పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ వంట చేస్తున్నాను. పన్నెండు గంటలు పొయ్యి దగ్గర నిలబడ్డాక పుస్తకం తెరిస్తే నిద్రే వస్తుంది. అది ఒక కారణం. నా చేతులు చేసే పని ఏ పుస్తకంలోనూ కనపడకపోవడం రెండో కారణం.

పోయినేడు మా అమ్మాయి ఒక ఇంగ్లిష్ పుస్తకం తెచ్చింది. హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతోంది లెండి. పుస్తకం పేరు ‘నోట్స్ ఫ్రమ్ ఎ యంగ్ బ్లాక్ షెఫ్’. 2019లో వచ్చింది. క్వామే ఒన్వాచీ అనే నల్లజాతి వంటగాడి జీవితం. నాది ఇంటర్ ఇంగ్లిష్. తెలియని మాట ఫోన్లో చూసుకుంటూ రోజుకు రెండు పేజీలు చదివాను. ఐదు నెలలు పట్టింది. కానీ పూర్తి చేశాను.

ఎందుకు వదలలేకపోయానో చెబుతాను. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పెరిగిన పిల్లాడు. తల్లి ఇంట్లోంచే క్యాటరింగ్ చేసేది. అల్లరి ఎక్కువైందని అతన్ని నైజీరియాలో తాతగారి ఊరికి పంపించారు. 2010లో మెక్సికో సింధుశాఖలో చమురు ఒలికినప్పుడు, శుభ్రం చేసే సిబ్బందికి ఓడలో వండిపెట్టాడు. సొంతంగా క్యాటరింగ్ పెట్టడానికి న్యూయార్క్ మెట్రో రైళ్లలో మిఠాయిలు అమ్మి 20,000 డాలర్లు కూడబెట్టాడు. ఆ తర్వాత పెద్ద వంటల కాలేజీ, పెద్ద పెద్ద హోటళ్లు. అక్కడ తన రంగు చూసి తనని ఎక్కడ నిలబెట్టారో దాచకుండా రాశాడు. అధ్యాయం అయిపోగానే ఒక వంటకం, దాని కొలతలు. అక్కడికి రాగానే నాకు డిక్షనరీ అక్కర్లేకపోయింది. ఉల్లిపాయ ఎంతసేపు వేగాలో నాకు తెలుసు.

2016లో వాషింగ్టన్‌లో షా బిజూ అనే రెస్టారెంట్ తెరిచాడు. తన బతుకు కథనే పదమూడు వంటకాలుగా వడ్డించాలనుకున్నాడు. మనిషికి 185 డాలర్లు. మూడు నెలలు కూడా నిలవలేదు, మూతపడింది. ఇక్కడ నాకు అతనితో పేచీ ఉంది. ఆ ధరకు అతని వాడకట్టు వాళ్లు ఎవరు తినగలరు? కానీ ఓడిపోయిన సంగతిని దాచుకోకుండా చెప్పాడు చూడండి, అందుకే నమ్మాను. అదే మనిషి మళ్లీ ఇంకో వంటగది తెరిచి, తన ఆఫ్రికా, కరీబియన్ మూలాల వంటలు వండాడు. 2019లో జేమ్స్ బియర్డ్ అవార్డు అందుకున్నాడు.

నా కథకొస్తాను. నేను పనిలో చేరిన కొత్తలో మా మేస్త్రి చెప్పాడు: ‘ఊరి పేరు చెప్పినా వాడ పేరు చెప్పకు.’ ఒక పెళ్లింట్లో పెద్దాయన ‘మీరేమిట్లు?’ అని అడిగాడు. నా బదులు మేస్త్రే ఏదో చెప్పాడు. నేను పోపు పెట్టిన పప్పుతో ఆ రోజు మూడు వందల మంది తిన్నారు. నిజం తెలిస్తే విస్తళ్ల ముందు నుంచి లేచిపోయేవాళ్లే. ఒన్వాచీ రంగు దాచుకోలేడు. నేను దాచుకోగలిగాను. ఏది ఎక్కువ బాధో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇది నా ఒక్కడి గోడు కాదు. మధ్యాహ్న భోజన పథకంలో వంటవాళ్లుగా దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మనవాళ్లు వండితే పిల్లల్ని తిననివ్వని బళ్ల వార్తలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

మా అమ్మ ఎండు తునకల్లో గోంగూర వేసి వండేది. ఉప్పెంత అంటే ‘చేతికి తెలుసు’ అనేది. ఆ చెయ్యి ఇప్పుడు లేదు, కొలత రాసిపెట్టినవాళ్లూ లేరు. మరాఠ్వాడాలో షాహూ పాటోళే ఆ పని చేశారు. మహర్, మాంగ్ ఇళ్ల వంటల మీద 2015లో మరాఠీలో పుస్తకం రాశారు. అన్నం పూర్ణబ్రహ్మం అనే నానుడిని తిరగేసి, అపూర్ణబ్రహ్మమని దానికి పేరు పెట్టారు. 2024లో ఇంగ్లిష్‌లోకీ వచ్చింది.

చివరిగా ఒక్క మాట. ఒన్వాచీ పుస్తకం అట్ట మీద రెండో పేరు కూడా ఉంది. జాషువా డేవిడ్ స్టైన్ అనే రచయిత అతనితో కలిసి రాశాడు. అది చూశాక నా సిగ్గు కొంచెం తగ్గింది. వండే చేతికి రాసే చెయ్యి తోడు కావచ్చన్నమాట. ఇక్కడ హాస్టల్ పిల్లలు చాలామంది ఉన్నారు. ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మ పక్కన, అమ్మమ్మ పక్కన నోట్‌బుక్ పట్టుకుని కూర్చోండి. ఏం వండారో, ఎందుకు అదే వండాల్సి వచ్చిందో, ఎవరు తినలేదో అడిగి రాయండి.

ఆ పుస్తకం ఎంత లావుగా ఉన్నా సరే, నేను చివరిదాకా చదువుతాను.

జై భీం.