ఇరుకు గదికి వెడల్పు లెన్సు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఫిలిము కెమేరాకు అతి విశాలకోణపు లెన్సును ఎన్నుకొనుట యెట్లు అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మిత్రులు కోరిరి. జేబులోని ఫోనుతో క్షణములో బొమ్మ తీయుచున్న ఈ దినములలో, చేతితో ఫోకసు త్రిప్పుకొనవలసిన లెన్సును గూర్చిన ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. దీనికి కారణము మన క్వార్టర్లు.

2016వ సంవత్సరము జులై నెలలో కేంద్ర మంత్రివర్గము ఢిల్లీలోని ఏడు ప్రభుత్వ నివాస కాలనీల పునర్నిర్మాణమునకు ఆమోదము తెలిపినది. సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్, కస్తూర్బా నగర్, త్యాగరాజ నగర్, శ్రీనివాసపురి, మొహమ్మద్‌పూర్ అనునవి ఆ ఏడు. ఆనాడు వానిలో ఉన్న ఇండ్లు 12,970. నౌరోజీ నగర్‌లో క్వార్టర్ల చోట నేడు వాణిజ్య భవనములు నిలిచినవి. ఆ గదులలో ఎన్ని తెలుగు కుటుంబములు కాపురములు చేసినవో, ఎన్ని బొమ్మల కొలువులు తీర్చినవో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ ఇండ్లలో తీసిన ఫొటోలు మనయొద్ద లేవా? ఉన్నవి. కాని వానిలో పెండ్లికూతురున్నది, పిల్లవాడున్నాడు. గది మాత్రము లేదు. వెనుక రెండడుగుల గోడ, ఒక కేలండరు ముక్క, అంతే.

తప్పు తీసినవారిది కాదు. మన ఇండ్లలోని బీరువాలలో నేటికిని నిద్రించుచున్న పెంటాక్స్ కె-1000 గాని, నికాన్ గాని, జెనిత్ గాని, సాధారణముగ 50 మి.మీ. ప్రాంతపు లెన్సుతో వచ్చినవే. ఫిలిముపై బొమ్మ వెడల్పు 36 మి.మీ., ఎత్తు 24 మి.మీ. ఇక లెక్క మూడవ తరగతి బాలుడును చేయగలడు. 36ను లెన్సు అంకెచే భాగించి, గోడకు కెమేరాకు నడుమ గల దూరముచే హెచ్చించిన యెడల గోడలో ఎంత వెడల్పు పట్టునో తెలియును. ఎత్తునకు 36 బదులు 24 తీసికొనవలెను.

పది అడుగుల గదిలో వీపు గోడకు ఆనించి నిలిచినచో కెమేరాకు ఎదుటి గోడ తొమ్మిది అడుగుల దూరమున ఉండును. ఆ గోడ 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అనుకొనుడు. 50 మి.మీ. లెన్సులో పట్టునది ఆరున్నర అడుగుల వెడల్పు మాత్రమే. 28 మి.మీ. లెన్సులో పదకొండున్నర, గోడ కొంచెములో తప్పిపోవును. 24 మి.మీ. లెన్సులో వెడల్పు పదమూడున్నర అడుగులు వచ్చును గాని ఎత్తు తొమ్మిదియే. నేల అరయడుగు, కప్పు అరయడుగు తెగిపోవును. 20 మి.మీ. లెన్సులో 16 అడుగుల వెడల్పు, పదకొండడుగులకు కొంచెము తక్కువగ ఎత్తు. గోడ మొత్తము, ప్రక్క గోడలలో కొంత భాగము బొమ్మలోనికి వచ్చును. కాబట్టి మన పనికి 20 లేక 21 మి.మీ. తగినదని నా అభిప్రాయము. టేపు పట్టుకొని మీ గదిని కొలుచుకొనిన పిదపనే అంగడికి పొండు.

ఇంతకంటె వెడల్పయినవి లేవా యందురేని, ఉన్నవి. 1999లో వోయిట్‌లాండర్ పేరిట వచ్చిన 15 మి.మీ. లెన్సు 110 డిగ్రీల కోణము చూచును. మెచ్చదగిన వస్తువే. కాని దానితో తీసిన చిన్న గది దర్బారు హాలువలె కనబడును. మన క్వార్టరు దర్బారు హాలు కాదు. ఇరుకును ఇరుకుగ చూపుటయు బొమ్మ చేయవలసిన పనియే కదా.

రిఫ్లెక్సు కెమేరాలో లెన్సు వెనుక అద్దమొకటి లేచుచు పడుచుండును. వెడల్పు లెన్సు ఫిలిమునకు మిక్కిలి చేరువగ ఉండవలసినందున ఆ అద్దము అడ్డు వచ్చెడిది. ఫ్రాన్సు దేశస్థుడు పియెర్ ఆంజెన్యూ 1950లో తెచ్చిన రెట్రోఫోకసు పద్ధతితో లెన్సును దూరముగ ఉంచియు విశాలకోణము సాధింప వీలైనది. అయినను, 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ కెమేరాకై తొలుత చేసిన 21 మి.మీ. లెన్సు వెనుకభాగము లోనికి చొచ్చుకొనిపోయెడిది. అద్దమును పైకి లేపి ఉంచి వేరొక వ్యూఫైండరుతో చూడవలసి వచ్చెడిది. అట్టిది చేజిక్కినను, అద్దము లేపి నిలుపు ఏర్పాటులేని కెమేరాకు అది పనికిరాదు. తరువాతి కాలపు 20 మి.మీ. నిక్కోర్లకు ఈ చిక్కు లేదు. పెంటాక్స్ వారి 20 మి.మీ. ఎఫ్ 4, మరతో బిగించు జెనిత్‌కు రష్యా వారి మీర్-20 కలవు.

ఎఫ్ 2.8 కొనవలెనా, ఎఫ్ 4 చాలునా? ఎఫ్ 4 చాలును. ఎఫ్ 2.8 వలన వ్యూఫైండరులో కాంతి రెట్టింపగును గాని, గది బొమ్మ తీయునపుడు ఎటులను ఎఫ్ 8కు తగ్గింపవలసినదే. 20 మి.మీ. లెన్సును ఎఫ్ 8 వద్ద ఉంచి, 1.7 మీటర్లకు ఫోకసు నిలిపినయెడల, 85 సెంటీమీటర్ల మొదలు అనంతము వరకు అంతయు స్పష్టముగ వచ్చును. కంటితో ఫోకసు వెదకుకొనుచు శ్రమపడ నక్కరలేదు. లెన్సుపై చెక్కిన అంకెలే చెప్పును. కాంతి చాలనిచో ట్రైపాడు వాడుడు. మిగిలిన పైకమును రీళ్లకు ఖర్చు చేయుడు.

కొనుటకు చాందినీ చౌక్‌లోని కూచా చౌధరీ కెమేరాల బజారు ఉండనే ఉన్నది. పాత లెన్సును చేతికి తీసికొనగనే పేరు చూచి మురియవలదు. ద్వారము పూర్తిగ తెరచి, వెనుకనుండి టార్చిలైటు వేసి చూడుడు. సాలెగూటివలె తీగలు కనబడిన అది బూజు. వానకాలము గడచిన ఢిల్లీ బీరువాలలో ఇది సామాన్యమే. వారెంత తగ్గించి ఇచ్చినను అట్టిదానిని ఇంటికి తేవలదు. ద్వారపు రేకులపై నూనె జిడ్డున్నదా, ఫోకసు వలయము మొదటినుండి చివరివరకు ఒకే తీరుగ తిరుగుచున్నదా చూడుడు. ముందు అద్దముపై సన్నని గీత ఒకటి రెండున్నను బొమ్మకు కలుగు నష్టము స్వల్పమే. బేరమాడుటకు మాత్రము అది మంచి సాధనము.

ఇక అన్నింటికంటె ముఖ్యమైనది కెమేరాను సమముగ పట్టుట. ఏమాత్రము పైకెత్తినను గోడలు లోపలికి వ్రాలును, బీరువా మీద పడబోవునట్లుండును. రాజా దీన్ దయాళ్ తీసిన హైదరాబాదు సౌధముల స్తంభములు నిటారుగ నిలిచియుండుట మీరు చూచియే యుందురు. ఆయన 1844లో మీరట్ చెంతనున్న సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో పబ్లిక్ వర్క్స్ కార్యాలయమున ఉద్యోగము చేసినవాడు, అనగా మనవాడే! ఆయన గాజు నెగటివులు ఈ నగరముననే ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రములో భద్రముగ ఉన్నవి. ఆ కాలపు పెద్ద కెమేరాలలో, పెట్టెను వంచకయే లెన్సును మాత్రము పైకి జరుపు వీలుండెడిది. మనకా వీలు లేదు. కాబట్టి కెమేరాను గోడ సగమెత్తున, అనగా అయిదడుగుల వద్ద నిలిపి, తాపీ మేస్త్రీ వాడు రసమట్టము వంటి చిన్నదానిని దానిపై ఉంచి సరిచూచుకొనవలెను.

మనుష్యులను అంచులకు చేర్చవలదు. వెడల్పు లెన్సు అంచున నిలిచిన మామ్మగారి ముఖము గుమ్మడికాయవలె సాగును. ఆమె మనలను క్షమింపదు. ఆమెను నడుమ, కెమేరాకు ఆరేడడుగుల దూరమున కూర్చుండబెట్టుడు. అంచులలో తలుపు, కిటికీ, సామానుల అల్మారా ఉండనిండు. కిటికీ వెలుగు చాలును. ఫ్లాషు వేసినచో నడుమ తెల్లబడి మూలలు చీకటియగును.

ఖాళీ చేయుమని ఉత్తరువు వచ్చినవారు సామాను కట్టకమునుపే ఈ పని చేయవలెను. గోడకు మేకులు, మేకులకు పటములు, వంటింటి అరలలో డబ్బాలు ఎక్కడివక్కడ ఉన్నపుడు తీయుడు. ఒక రీలులో 36 బొమ్మలు వచ్చును. రెండు గదులు, వంటిల్లు, వసారా, మెట్లు, వాకిటి వేపచెట్టు, అన్నియు అందులోనే ఇమిడిపోవును. రీలు కడిగించునపుడు నెగటివులను తప్పక తిరిగి అడిగి తీసికొనుడు; కొందరు దుకాణదారులు కంప్యూటరు ప్రతులిచ్చి ఊరకుందురు.