గార్డు వ్యాన్‌లో తాత

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నిరుడు ఇదే వేదిక మీద మోకాళ్ల నొప్పుల గురించి విన్నాం. అంతకుముందు ఏడు కరువుభత్యం లెక్కలు విన్నాం. రెండూ మనకు కావలసినవే. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, “మీకు ఇష్టమైన విషయం మాట్లాడండి, కానీ పది నిమిషాలు దాటకండి” అన్నారు. నాకు ఇష్టమైన విషయం ఒక సినిమా. అది తెలుగుది కాదు, హిందీది కాదు. ఇంగ్లండులో 1964లో తీసిన నలుపు తెలుపు హాస్య చిత్రం. పేరు ‘ఎ హార్డ్ డేస్ నైట్’. అందులో నటించింది బీటిల్స్ అనే పాటల బృందం. లివర్‌పూల్ రేవు పట్టణం కుర్రాళ్లు నలుగురు: జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. ఆ జార్జ్, నేను ఒకే ఏడు పుట్టాం, 1943లో. అతను గిటారు పట్టాడు, నేను పచ్చజెండా పట్టాను.

గార్డుగా చేసి రిటైరయినవాడికి ఇంగ్లీషు పాటల బృందంతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. (2022 నుంచి గార్డును ట్రైన్ మేనేజర్ అంటున్నారు. నేను మాత్రం గార్డుగానే దిగిపోయాను.) పని ఉంది. ఆ సినిమా రైల్వే స్టేషన్‌లో మొదలవుతుంది. మొదటి మూడోవంతు రైల్లోనే నడుస్తుంది. అందులో మంచి పాట ఒకటి గార్డు వ్యాన్‌లో పాడతారు. ఇంకేం కావాలి?

ముందు ఆ రైలు సంగతి. షూటింగు 1964 మార్చి 2న మొదలైంది. లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్ నుంచి ఒక ప్రత్యేక రైలు మాట్లాడుకుని, అది నడుస్తుండగానే ఆరు రోజులపాటు తీశారు. మొదట్లో అభిమానుల గుంపు వెంటపడితే నలుగురూ పరిగెత్తే స్టేషన్ మాత్రం మేరిల్‌బోన్. ఆ పరుగులో జార్జ్ నిజంగానే బోర్లా పడ్డాడు. దర్శకుడు రిచర్డ్ లెస్టర్ దాన్ని కత్తిరించకుండా అలాగే ఉంచాడు.

మన సంఘంవారు వినవలసిన ముచ్చట ఇంకొకటి ఉంది. మొదటి రోజు ఉదయం పాడింగ్టన్ చేరేసరికి ఆ నలుగురికీ నటుల సంఘంలో సభ్యత్వం లేదు. సభ్యత్వం లేనిదే కెమెరా ముందుకు రాకూడదు. ప్లాట్‌ఫారం మీదనే ఫారాలు పూర్తి చేసి చేరారు. వాళ్ల పేర్లు ప్రతిపాదించింది విల్‌ఫ్రిడ్ బ్రాంబెల్ అనే నటుడు. సినిమాలో పాల్‌కు తాత వేషం వేసింది ఆయనే. ఈ తాత గురించి చెప్పాలనే ఇవాళ లేచి నిలబడ్డాను.

కథ పెద్దగా ఏమీ లేదు. నలుగురు కుర్రాళ్లు రైలెక్కి లండన్ వెళ్లి ఒక టీవీ కార్యక్రమంలో పాడాలి. అంతే. అయితే పాల్ వెంట తాతగారు కూడా బయలుదేరతాడు. గాలి మార్పు కోసమని ఇంట్లోవాళ్లు పంపించారు. గాలి మార్పు అంటే ఏమిటో మనకు తెలుసు. ఒక కొడుకు ఇంటి నుంచి ఇంకో కొడుకు ఇంటికి. ఇక ఆ ముసలాయన ఊరుకుంటాడా? ఎదుటివాళ్ల మధ్య తంపులు పెడతాడు. రింగోకు వచ్చిన ఆహ్వానపత్రం చేజిక్కించుకుని, వెయిటర్ కోటు తొడుక్కుని, జూదశాలలో ధనవంతుల సరసన కూర్చుంటాడు. హాయిగా పుస్తకం చదువుకుంటున్న రింగో దగ్గర చేరి, వయసులో ఉన్నవాడివి ఇలా పుస్తకాల్లో మగ్గిపోతావేం, బయటికెళ్లి లోకం చూడమని చెవినిల్లు కట్టుకుని పోరతాడు. రింగో కాస్తా కార్యక్రమానికి ముందు మాయమవుతాడు. ఆ తర్వాత తాత వీళ్ల ఫొటోల మీద దొంగ సంతకాలు పెట్టి వీధిలో అమ్మబోయి పోలీసులకు దొరుకుతాడు. మన సొంత సంతకమే కలవడం లేదని బ్యాంకువాళ్లు మనల్ని తిప్పి పంపుతుంటే, ఆయన నలుగురి సంతకాలూ పెట్టేస్తాడు!

సినిమా పొడుగునా వినబడే ప్రశ్న ఒకటే. తాత ఏడీ? ఆయన్ని ఎవరు చూసుకుంటారు? ఎక్కడ కూర్చోబెట్టాలి? మేనేజరు సహాయకుడికి అప్పగిస్తాడు, సహాయకుడు మనవడికి అప్పగిస్తాడు. ఒకసారి ఏకంగా సామాన్ల మధ్య గార్డు వ్యాన్‌లో పెడతారు. అయితే అక్కడ ఆయన్ని ఒంటరిగా వదలరు. నలుగురూ వచ్చి పక్కన చేరతారు, పేకాట మొదలుపెడతారు, ఆటలోంచే పాట అందుకుంటారు. గూడ్సు బండి బ్రేక్ వ్యాన్‌లో దీపం లేకుండా, ఫ్యాను లేకుండా, లైన్ పెట్టె మీద కూర్చుని రాత్రులు గడిపినవాణ్ణి నేను. మా వ్యాన్‌లో పేకాట కనబడితే చార్జిషీటు చేతికి వచ్చేది. ఆ పాటను నడుస్తున్న రైల్లో తీయలేదని తరువాత తెలిసింది. నిలబెట్టిన వ్యాన్‌ను మనుషులు ఊపుతుంటే చిత్రీకరించారట. నాకు ముందే అనుమానం. ఆ ఊపు పట్టాల మీది ఊపు కాదు.

బ్రాంబెల్ డబ్లిన్‌లో 1912 మార్చి 22న పుట్టాడు. అంటే షూటింగు మొదలైననాటికి ఆయన వయసు 51. మధ్యలో 52 నిండాయి. మన లెక్కలో ఇంకా సర్వీసులో ఉన్నవాడు! అప్పటికే బీబీసీలో 1962 నుంచి వస్తున్న ‘స్టెప్టో అండ్ సన్’ అనే హాస్య ధారావాహికలో, గుర్రపుబండి మీద పాత సామాన్ల వ్యాపారం చేసే ముసలి తండ్రిగా ఇంగ్లండులో ఇంటింటికీ తెలిసిపోయాడు. అందులో కొడుకు ఆయన్ని మురికి ముసలాడని తిడుతుంటాడు. అందుకే ఈ సినిమాలో కనబడ్డ ప్రతివాడూ ఈ తాతను చూసి, ఎంత శుభ్రంగా ఉన్నాడో అని ఆశ్చర్యపోతాడు. అది తెలియకపోతే ఆ నవ్వు మనకు అందదు. మన గుమ్మడి గారిది కూడా ఇలాంటి ముచ్చటే. 1927లో పుట్టి, 1955లో ‘అర్ధాంగి’లో 1924లో పుట్టిన నాగేశ్వరరావు గారికి తండ్రి అయ్యారు. ముసలివాళ్ల వేషాలకు నిజం ముసలివాళ్లను ఎందుకు పిలవరో నాకు అర్థం కాదు. మనం ఖాళీగానే ఉన్నాం కదా.

ఇక ఈ సినిమా మన ఇళ్లదాకా వచ్చిన దారి. యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థకు అసలు సినిమా మీద మోజు లేదు. పాటల రికార్డు అమ్ముకునే హక్కు కోసం సినిమా తీయించింది. ఖర్చు సుమారు 2 లక్షల పౌండ్లు. రంగుల్లో తీస్తే ఎక్కువవుతుందని నలుపు తెలుపులో కానిచ్చారు. ఈ కుర్రాళ్ల మోజు ఎన్నాళ్లుంటుందో అని తొందరపడి, మార్చిలో మొదలుపెట్టి జూలై 6న లండన్‌లో విడుదల చేశారు. అప్పుడు హాళ్లలో ఆడపిల్లల కేకల మధ్య మాటలేవీ వినబడేవి కావని ఆనాటివాళ్లు చెప్పుకుంటారు. మాటలు రాసిన ఆలన్ ఓవెన్‌కు ఆస్కార్ నామినేషన్ వచ్చిందంటే ఎంత పని వృథా అయిందో చూడండి.

నిర్మాత వాల్టర్ షెన్‌సన్ ఒప్పందంలో ఒక షరతు ఉంది. 15 ఏళ్ల తరువాత సినిమా హక్కులు ఆయనకు తిరిగి రావాలి. అప్పటికి దీని ముఖం ఎవరు చూస్తారని కంపెనీ ఒప్పుకుని ఉంటుంది. చూశారు! 1982లో ధ్వని బాగుచేసి మళ్లీ హాళ్లలో ఆడించారు. ముందు ఒక పాట, దాని మీద ఫొటోల వరుస కొత్తగా అతికించారు. అది నాకు నచ్చలేదు. తరువాతి డిస్కుల్లో తీసేశారు, మంచి పని చేశారు. 1984లో అమెరికాలో ఎంపీఐ సంస్థ వీడియో క్యాసెట్టుగా తెచ్చింది. 1993లో సినిమా మొత్తం కంప్యూటర్ డిస్కులో వచ్చింది. 2002లో డీవీడీ. 2014లో యాభై ఏళ్లయిన సందర్భంగా, అసలు నెగెటివ్ నుంచి బొమ్మను శుభ్రం చేసి, దర్శకుడు లెస్టర్ చూసి సరే అన్నాక క్రైటీరియన్ సంస్థ బ్లూరే డిస్కు విడుదల చేసింది.

నేను మొదట చూసింది ఆ క్యాసెట్టే. 1991లో మా బావమరిది కొడుకు అమెరికా నుంచి వస్తూ తెచ్చాడు. అక్కడి క్యాసెట్టు మన వీసీఆర్‌లో వేస్తే బొమ్మ నిలవదు, కిందికి జారిపోతుంటుంది. అక్కడి పద్ధతి వేరు, మన పద్ధతి వేరు. మా వీధిలో మస్కట్ నుంచి వచ్చినవారి ఇంట్లో అన్ని పద్ధతులూ పట్టే వీసీఆర్ ఉంటే, అక్కడికి మోసుకెళ్లి చూశాం. అప్పుడు నాకు 48 ఏళ్లు. చూసినంతసేపూ నా చూపు రైలు మీదే. బోగీలు, తలుపుల గొళ్లేలు, ప్లాట్‌ఫారం. తాత ఉన్నాడన్న మాటే గాని పట్టించుకోలేదు.

మళ్లీ చూసింది మా మనవడితో, కొత్త డిస్కులో. వాడు ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు పెట్టాడు. ఈసారి కింద అక్షరాలు కూడా వచ్చాయి కాబట్టి ఆ లివర్‌పూల్ యాస నాకు చిక్కింది. ఆ యాస అమెరికా వాళ్లకు అర్థం కాదు, గొంతులు మారుద్దామని కంపెనీ అంటే, టెక్సాస్ కౌబాయ్ భాష మేం అర్థం చేసుకోవడం లేదా అని పాల్ కోప్పడ్డాడట. శ్రీకాకుళం యాసను, తెలంగాణ యాసను చాలాకాలం నౌకర్ల పాత్రలకే సరిపెట్టిన మన సినిమావాళ్లకు ఆ మాట వినిపించాలి.

రైలు పెట్టెలో ఒక టోపీ పెద్దమనిషి ఉంటాడు. వారానికి రెండుసార్లు ఈ బండిలో వస్తానని, కిటికీ మూయాల్సిందేనని, రేడియో కట్టేయమని కుర్రాళ్లను గదమాయిస్తాడు. అక్కడ మా వాడు నావైపు చూసి ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. కొంతసేపటికి పోలీస్ స్టేషన్ ఘట్టం వచ్చింది. రింగో కూడా అదే స్టేషన్‌లో తేలతాడు. తాత అక్కడినుంచి తప్పించుకుని పరుగున వెళ్లి కబురు చెబితేనే, మిగతావాళ్లు వచ్చి అతన్ని విడిపించుకుంటారు. గొడవ తెచ్చిందీ ఆయనే, కబురు తెచ్చిందీ ఆయనే. అక్కడ మా వాడు డిస్కు ఆపాడు. “తాతయ్యా, నాన్న నిన్ను బెంగళూరు రమ్మంటే ఎందుకు రానంటావు?” అన్నాడు. మా ఇంటావిడ పోయినప్పటినుంచీ ఇంట్లో ఎవరూ నేరుగా అడగని ప్రశ్న అది. వస్తే నన్ను ఎక్కడ కూర్చోబెడతారో తెలియక అన్నాను. వాడు నవ్వలేదు. “నా గదిలో” అన్నాడు. ఆ తర్వాత సినిమా మళ్లీ నడిపించాడు. ఆ వేసవిలో రెండు నెలలు ఉండివచ్చాను. ఇప్పుడు ఏటా వెళ్తున్నాను. వాడి గదిలో కిటికీ నేను మూస్తాను, వాడు తెరుస్తాడు.

వీళ్ల రెండో సినిమా ‘హెల్ప్’ 1965లో వచ్చింది. అది రంగుల్లో ఉంది, కానీ నాకు అంత రుచించలేదు. అందులో మన అమ్మవారి ఆరాధనను వెటకారం చేసినట్టు ఉంటుంది. దాని వల్ల జరిగిన మేలు ఒకటుంది. ఆ సెట్టు మీదనే జార్జ్ హారిసన్ మొదటిసారి సితార్ చేతిలోకి తీసుకున్నాడు. 1966లో పండిట్ రవిశంకర్ దగ్గర పాఠాలకు కూర్చున్నాడు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల కోసం ఇద్దరూ కలిసి న్యూయార్క్‌లో కచేరీ చేశారు. అది వేరే ప్రసంగానికి దాచుకుంటాను.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. మనవడు ఆ డిస్కు నా దగ్గరే ఉంచి వెళ్లాడు. వచ్చే నెల సమావేశం అయ్యాక, మన సంఘం గదిలో టీవీకి కలిపి వేస్తాం. నిడివి 87 నిమిషాలు. మధ్యలో టీ కోసం ఒకసారి ఆపుతాం, వినబడనివారు అడిగితే మరోసారి ఆపుతాం. మనవళ్లు, మనవరాళ్లు ఊళ్లో ఉంటే వెంట తీసుకురండి. కుర్చీలు మాత్రం ఎవరివి వారు తెచ్చుకోవాలి, మన గదిలో ఉన్నవి పద్నాలుగే.