పూడిక మట్టిలో లోహాల పట్టు

పూడిక మట్టి విలువ ఉత్తర తెలంగాణ రైతుకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల నుంచి తీసిన నల్లమట్టిని రైతులు ట్రాక్టర్లతో తమ చేలకు తోలుకున్నారు. ఆ మట్టికి సారమిచ్చేది సేంద్రియ పదార్థం, అంటే ఆకు, గడ్డి, నాచు, పేడ కుళ్లగా మిగిలిన కర్బన శేషం. సీసం, రాగి, కాడ్మియం వంటి భారలోహాలు చేరిన పూడికను శుద్ధి చేయవలసి వచ్చినప్పుడు అదే పదార్థం ఒకచోట తోడ్పడుతుంది, మరోచోట అడ్డం తిరుగుతుంది.

ఇలా భారలోహాలు చేరడానికి గోదావరి పరీవాహక ప్రాంతంలోనే ఉదాహరణ ఉంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థజలాలు ఏళ్ల తరబడి నక్కవాగులో కలిసి మంజీర వైపు పారాయి. అక్కడి నేలల్లో క్రోమియం, నికెల్, సీసం, ఆర్సెనిక్ అధికంగా ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 2001లో వెల్లడించారు. కందకుర్తి వద్ద మంజీరను కలుపుకున్న గోదావరే చెన్నూరు వద్ద ఉత్తరవాహిని అవుతుంది. నడుమ నిజాంసాగర్, శ్రీరాంసాగర్ జలాశయాలు మడ్డిని చాలావరకు ఆపుతాయన్నది నిజమే గాని, ఆపడం శుద్ధి కాదు.

సేంద్రియ శేషంలోని ముదురు రంగు సమ్మేళనాలైన హ్యూమిక్ ఆమ్లాలు రాగినీ సీసాన్నీ గట్టిగా, కాడ్మియాన్నీ జింకునూ వదులుగా పట్టి ఉంచుతాయి. నీటి అడుగున సూక్ష్మజీవులు ఈ పదార్థాన్ని తింటూ ప్రాణవాయువును ఖర్చు చేసి, ఆపై సల్ఫేటును సల్ఫైడుగా మార్చడంతో లోహాలు దానితో కలిసి నీటిలో కరగని రూపం దాలుస్తాయి. అలాంటి మడ్డిని తవ్వి గట్టున పోస్తే మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, ఎండే కొద్దీ నలుపు తగ్గి తుప్పు రంగు తేలుతుంది. ఆ మార్పు సల్ఫైడు విరుగుతోందనడానికి గుర్తు, లోహాలకు విడుదల వేళ. ఆర్సెనిక్ తీరు వేరు: అది ఇనుప ఆక్సైడులను అంటుకుని ఉంటుంది కనుక, గాలి ఆడని మడ్డిలో కంపోస్టు కలిపితే సూక్ష్మజీవులు ఆ ఇనుమును కరిగించి ఆర్సెనిక్‌ను నీటిలోకి వదిలే ప్రమాదముంది.

శుద్ధి పద్ధతులన్నీ ఈ పట్టుతో తలపడవలసినవే. సిమెంటు కలిపి మడ్డిని గట్టిపరచబోతే హ్యూమిక్ ఆమ్లాలు సిమెంటు గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి. పైగా సిమెంటు క్షారగుణానికి అవే కరిగి రాగిని వెంటబెట్టుకుని బయటికి వస్తాయి. ఆక్సీకరణ కోసం పోసిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో చాలా భాగం సేంద్రియ పదార్థానికే చెల్లిపోతుంది. ఇసుకపాలు ఎక్కువైన మడ్డికి మాత్రం బయోచార్, అంటే గాలి అందకుండా కాల్చిన పంటవ్యర్థాల బొగ్గు, సీసాన్ని నిలిపి ఉంచడంలో మేలు చేస్తుంది.

కాబట్టి లోహం ఎంత ఉందన్న నివేదిక ఒక్కటే చాలదు. లోహం దేనిని అంటుకుని ఉందో ఐదు భాగాలుగా విడదీసి చూపే టెసియర్ పద్ధతి 1979 నుంచి ఉంది. సేంద్రియ కర్బనాన్ని కొలిచే 1934 నాటి వాక్లీ–బ్లాక్ పరీక్ష భూసార ప్రయోగశాలలకు నిత్యకృత్యమే. అయితే నమూనా సీసాను గాలి మిగలకుండా నిండా నింపి, బిగించి, మంచులో పెట్టి తీసుకెళ్లాలి. లేకుంటే సల్ఫైడు దారిలోనే విరిగి, ప్రయోగశాలకు చేరేది మరో మట్టి అవుతుంది.