ఏ పుస్తకం, ఏ కూర్పు, ఏ పుట?

ఈ ఎపిసోడ్‌లో పరిశోధన వ్యాసాల్లో పుస్తకాలను ఉటంకించే పద్ధతి గురించి మాట్లాడుకుందాం. ఎం.ఏ., పిహెచ్.డి. చేస్తున్నవాళ్లు చాలామంది దీన్ని చివరి వారంలో చేసే పనిగా చూస్తారు. వ్యాసమంతా అయ్యాక బీరువాలో పుస్తకాలు దింపి, ఉపయుక్త గ్రంథసూచి తయారుచేస్తారు. కానీ ఉటంకింపు అనేది అలంకారం కాదండీ, అదొక చిరునామా. మీరు చదివిన అదే పుటకి పాఠకుడు వెళ్లగలగాలి. చిరునామా తప్పైతే ఒక్కోసారి మీ వాదనే తప్పైపోతుంది. ఎలాగో చూద్దాం.

కన్యాశుల్కం తీసుకోండి. గురజాడ దీన్ని మొదట 1897లో అచ్చువేశారు. తర్వాత దాదాపు కొత్త నాటకమా అన్నంతగా తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. మధురవాణి పాత్ర బాగా పెరిగింది ఈ రెండో కూర్పులోనే. ఇవాళ షాపులో మనకి మామూలుగా దొరికేది కూడా ఇదే. ఇప్పుడు ఒక విద్యార్థి షాపులో కొన్న ప్రతి చూసి, "1897 నాటికే గురజాడ మధురవాణి చేత ఈ మాట అనిపించారు" అని రాశాడనుకోండి. ఆ మాట మొదటి కూర్పులో లేకపోవచ్చు. అప్పుడు పన్నెండేళ్ల తేడా మీద కట్టిన వాదన మొత్తం కూలిపోతుంది. ఇది కామాలు, ఫుల్‌స్టాపుల గొడవ కాదు కదా!

బ్రౌణ్య నిఘంటువు సంగతీ అంతే. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిది. ఆయన 1884లో చనిపోయారు. 1903లో వేరే పండితులు దాన్ని సవరించి రెండో కూర్పు తెచ్చారు, వాళ్లలో వీరేశలింగం ఒకరు. చికాగో విశ్వవిద్యాలయం వాళ్ల ఆన్‌లైన్ నిఘంటువుకి ఆధారం ఈ 1903 కూర్పే. అందులో అర్థం చూసి "బ్రౌన్, 1852" అని రాసేస్తే, బ్రౌన్ అనని మాట ఆయన నోట్లో పెట్టినట్టవుతుంది.

మరి ఏం చెయ్యాలి? మీ చేతిలో ఉన్న ప్రతి వివరాలే ఇవ్వండి, దాంతోపాటు ఆ కూర్పు మొదట వచ్చిన సంవత్సరం కూడా చెప్పండి. ఎపిఎ పద్ధతిలో రెండు సంవత్సరాల మధ్య గీత పెడతారు. మీ దగ్గరున్నది 2012లో వేసిన ప్రతి అనుకుంటే (గురజాడ, 1909/2012, పు. 45) అని రాస్తే సరిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. మన ప్రచురణకర్తలు "ముద్రణ" అనే మాటని రెండు అర్థాల్లో వాడతారు. "ఐదవ ముద్రణ" అంటే అదే పుస్తకాన్ని మళ్లీ అచ్చువేసి ఉండొచ్చు, మార్పులు చేసి ఉండొచ్చు. కాబట్టి ముందుమాటలు చదవండి. మార్పులుంటే సాధారణంగా అక్కడ చెబుతారు.

పేర్ల విషయానికి వద్దాం. ఇంగ్లీషు పద్ధతుల్లో ఇంటిపేరు ముందు, కామా, తర్వాత అసలు పేరు రాయాలి. మనకి ఇంటిపేరు ఎలాగూ ముందే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతి తెలియదు. "గురజాడ అప్పారావు" అని ఇస్తే తిరగేసి "అప్పారావు, గురజాడ" చేసేస్తుంది. ఇంటిపేరు గడిలో గురజాడ అని మీరే నింపండి. శ్రీశ్రీ లాంటి కలంపేరైతే పుస్తకం మీద ఎలా ఉందో అలాగే ఉంచండి.

స్కాన్ చేసిన పుస్తకాలు వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదటిది, పిడిఎఫ్ చూపించే పుట సంఖ్య వేరు, కాగితం మీద అచ్చైన సంఖ్య వేరు. అట్టా ముందుమాటలూ కలిసి పిడిఎఫ్‌లో 60వది పుస్తకంలో 45 కావచ్చు. అచ్చైన సంఖ్యే ఇవ్వండి. రెండోది, ఆర్కైవ్ లాంటి చోట్ల పేరు, సంవత్సరం తప్పుగా ఎక్కించినవి ఉంటాయి. లోపలి ముఖపత్రం చూసే రాసుకోండి.

మరో ముఖ్యమైన సంగతి. ఆరుద్ర సమగ్ర ఆంధ్ర సాహిత్యంలో ఒక పాత గ్రంథం నుంచి ఇచ్చిన వాక్యం మీకు నచ్చింది. ఆ పాత గ్రంథం మీరు చూడలేదు. అలాంటప్పుడు నేరుగా దాని పేరు వేసుకోకూడదు. "ఆరుద్రలో ఉద్ధృతం" అని సంపుటి సంఖ్య, పుట సంఖ్య ఇవ్వాలి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. చూసిందే చూశామని చెప్పడం పరిశోధకుడికి గౌరవం.

చివరగా, మీ సొంత మాటల్లో చెప్పినా ఆలోచన వేరేవాళ్లదైతే వాళ్ల పేరు చెప్పాల్సిందే. యుజిసి 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు, నిజమే. ఆ లెక్క మాటల పోలికకే గానీ, ఆలోచన ఎవరిదో అది చెప్పదు.

కాబట్టి పుస్తకం తెరిచిన రోజే నోటుపుస్తకంలో రచయిత, పేరు, కూర్పు, సంవత్సరం, ప్రచురణకర్త రాసుకోండి. ఎత్తి రాసుకున్న ప్రతి వాక్యం పక్కన పుట సంఖ్య వెయ్యండి. లైబ్రరీకి పుస్తకం తిరిగిచ్చేశాక ఆ ఒక్క అంకె కోసం మళ్లీ ఊళ్లు తిరగక్కర్లేదు.